బైక్ ట్రయల్స్ అంటే సెలక్షన్స్ కాదు: కాలు కింద పెట్టకుండా గుండు ఎక్కే ఆట, దాని పోటీ పెట్టడం ఎట్లా?

చాలా రోజుల నుంచి మీలో కొందరు అడుగుతున్నారు, "అన్నా, ఆ గుండ్ల మీద సైకిల్ తొక్కే పోటీలు మా ఊళ్లో కూడా పెట్టొచ్చా? ఎట్లా పెట్టాలి?" అని. ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే. మేం చేసిన తప్పులతో సహా చెప్తా. అవి మీరు మళ్లీ చేయక్కర్లేదు.

ముందు ఒక నవ్వొచ్చే సంగతి. మూడేళ్ల కింద నల్లగొండలో మేం మొదటిసారి ఒక చిన్న పోస్టర్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. "ఆదివారం పొద్దున 7 గంటలకు బైక్ ట్రయల్స్" అని రాశాం. ఆ రోజు ఇద్దరు పల్సర్ బండ్లేసుకొని వచ్చారు. ఇంకో తమ్ముడు టెన్త్ మెమో, కుల ధృవీకరణ పత్రం, నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు పట్టుకొని వచ్చాడు. ఎందుకంటే మన దగ్గర బైక్ అంటే మోటార్ సైకిల్. ట్రయల్స్ అంటే సెలక్షన్స్. వాళ్ల తప్పేం లేదు, మాదే తప్పు. అందుకే ఇప్పుడు మేం "గుండ్ల సైకిల్ ఆట" అని రాస్తున్నాం. చిన్న ఆటకు మొదటి పాఠం అదే. పేరు వింటే అమ్మకు కూడా అర్థం కావాలి.

ఇంతకీ ఆట ఏంటంటే

ఇది స్పీడు ఆట కాదు, రేసు అసలే కాదు. రాళ్లు, మొద్దులు, మెట్లు, పెద్ద టైర్లు లాంటి అడ్డాలతో ఒక దారి గీస్తారు. దాన్ని సెక్షన్ అంటారు. ఆ దారిలో సైకిల్ మీద మొదలు నుంచి చివరిదాకా పోవాలి. కాలు నేలకు గానీ రాయికి గానీ తగలొద్దు. తగిలితే ఒక పెనాల్టీ. అంతే ఆట.

దీనికి వాడే అసలు సైకిల్ చూస్తే "ఇదేంది, సగమే ఉంది" అంటారు. సీటు ఉండదు, ఎందుకంటే కూర్చునే పనే లేదు. గేరు ఒక్కటే, అది కూడా చాలా తేలికది. ఒక్క తొక్కుకు సైకిల్ ముందుకు ఎగరాలి. వెనక టైరు వెడల్పుగా, గాలి తక్కువగా ఉంటుంది, రాయిని పట్టుకోవడానికి. బ్రేకు మీద ఎప్పుడూ ఒక వేలు ఉంటుంది. బ్రేకు గట్టిగా పట్టి, వెనక చక్రం మీద నిలబడి, పిట్ట గెంతినట్టు గెంతుతారు. చక్రం సైజును బట్టి 20 అంగుళాలు, 26 అంగుళాలు అని రెండు రకాలు ఉంటాయి.

ఈ ఆట పుట్టింది మోటార్ సైకిల్ ట్రయల్స్ నుంచి. బ్రిటన్‌లో వందేళ్ల కిందటి నుంచే బురదలో, రాళ్లలో కాలు పెట్టకుండా మోటార్ సైకిల్ నడిపే పోటీలున్నాయి. స్పెయిన్‌లోని కాటలోనియాలో పేరె పి అని ఒక మోటార్ సైకిల్ రైడర్ ఉండేవాడు, మోంటెసా కంపెనీ మనిషి. 1970లలో తన కొడుకు ఓట్‌కు ఇంజన్ లేని చిన్న సైకిల్ మీద అదే ఆట నేర్పించాడు. ఆ పిల్లోడే పెద్దయ్యాక ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1986 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అంటే యూసీఐ, దీనికి ప్రపంచ పోటీలు పెడుతోంది. ఒలింపిక్స్‌లో మాత్రం ఇది లేదు. బీఎంఎక్స్ రేసింగ్ 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు చేరింది, ట్రయల్స్ ఇంకా చేరలేదు. అంటే ప్రపంచంలో కూడా ఇది చిన్న ఆటే. మనం మరీ వెనకబడ్డామని బాధపడే పని లేదు.

మన గుండ్లే మన స్టేడియం

యూరప్‌లో చాలాచోట్ల పోటీ పెట్టాలంటే క్రేన్‌తో రాళ్లు తెచ్చి పేర్చుకుంటారు. మనకు ఆ ఖర్చే లేదు. నల్లగొండ టౌన్‌లో ఎటు చూసినా లతీఫ్ సాహెబ్ గుట్టో, కాపురాల గుట్టో కనిపిస్తుంది. దేవరకొండ నుంచి మహబూబ్‌నగర్ దిక్కు పోతే రోడ్డుకు రెండు పక్కలా గుండ్లే. ఇదంతా దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఎండకు, వానకు పగిలి, అంచులు అరిగి, గుండ్రంగా అయ్యింది. పట్టు ఎట్లా ఉంటుందంటే, ఎండిన బండ మీద టైరు అతుక్కుపోతుంది. పరుపు బండ, దాని పక్కన మోకాలెత్తు గుండు, దాని వెనక నడుమెత్తు గుండు. మెట్లు కట్టి పెట్టినట్టే ఉంటాయి.

మన గుట్టల మీద కొత్త ఆట పెరగదు అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఒకటే చెప్తా. భువనగిరి చూడండి. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా గానీ, 2016 దాకా అది మన నల్లగొండ జిల్లానే. అక్కడి ఏకశిల గుట్ట మీద గురుకుల పిల్లలకు రాక్ క్లైంబింగ్ నేర్పించారు. కోచ్ శేఖర్ బాబు, గురుకులాల సొసైటీ కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ దాని వెనక ఉన్నారు. అక్కడ తాడు పట్టడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకొని, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

అందరూ ఎవరెస్ట్ ఫొటో గుర్తుపెట్టుకుంటారు. నేను గుర్తుపెట్టుకునేది భువనగిరి బండ. అంతకుముందు ఎన్నడూ క్లైంబింగ్ ముఖం చూడని పిల్లల్ని తెచ్చి, తాడు కట్టి, చిన్న ఎత్తు నుంచి పెద్ద ఎత్తుకు ఒక వరసలో ఎక్కించారు. మేం ఆ వరసే మర్చిపోయాం.

మా మొదటి పోటీ ఎట్లా చెడింది

పద్నాలుగు మంది వచ్చారు. నేను, నా దోస్తు కలిసి నాలుగు సెక్షన్లు గీశాం. మా ఇద్దరికీ సరదాగా ఉండేవి గీశాం. అక్కడే పోయింది. మేం అప్పటికే రెండేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాం. వచ్చినోళ్లలో చాలామందివి మామూలు రేంజర్ సైకిళ్లు. పదకొండు మంది మొదటి గుండు కాడనే ఆగిపోయారు. ఎనిమిదిన్నరకు ముగ్గురం ఆడుతున్నాం, మిగతావాళ్లు చెట్టు కింద కూర్చొని ఫోన్ చూసుకుంటున్నారు. చూడటానికి వీడియో మస్తు వచ్చింది. ఆట మాత్రం రాలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి. మూడో సెక్షన్‌లో ఒక గుండు మీద నుంచి దిగే చోట కింద చిన్న రాళ్లున్నాయి. నేను చూశా, "ఏం కాదులే" అనుకున్నా. ఇంటర్ చదివే ఒక తమ్ముడు అక్కడ పడ్డాడు. చేయి ఆనించాడు, మణికట్టు విరిగింది. ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా లేదు మా దగ్గర. ఒకరి టవల్ కట్టి, బండి మీద దవాఖానాకు తీసుకపోయాం.

సాయంత్రం వాళ్ల నాన్న దగ్గరకు పోయా. తిడతాడనుకున్నా. తిట్టలేదు. ఒక్క మాట అడిగాడు. "తమ్మీ, ఆటంటే దెబ్బలు తాకుతయ్, అది నాకెరుకే. నేను గూడ కబడ్డీ ఆడినోణ్ణే. గని కబడ్డీల గీత ఉంటది, రెఫ్రీ ఉంటడు, గెలిచిందెవరో ఓడిందెవరో తెలుస్తది. మీ దాంట్ల ఏముంది? పోరలు రాళ్ల మీదికెళ్లి దుంకుతున్నరు, మీరు వీడియో తీస్తున్నరు. గంతేగా?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి నెల పోటీకి నలుగురే వచ్చారు. ఇక మూసేద్దామనుకున్నాం. కానీ ఆయన అడిగిన ప్రశ్న వదల్లేదు. గీత ఏది? రెఫ్రీ ఎవరు? అప్పుడు కూర్చొని యూసీఐ రూల్స్ చదివాం. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ తర్వాత నేర్చుకున్నదే.

లెక్క ఎట్లా వేస్తారు?

ఒక సెక్షన్‌లో ఆరు గేట్లుంటాయి. గేటు అంటే రెండు బాణం గుర్తులు, వాటి మధ్య నుంచి పోవాలి. ఒక్కో గేటు దాటితే 10 పాయింట్లు, మొత్తం 60. టైం రెండు నిమిషాలు. కాలు తగిలితే ఒక పెనాల్టీ. ఐదు పెనాల్టీలు పడితే ఆ సెక్షన్ అక్కడితో ఖతం, కానీ అప్పటిదాకా దాటిన గేట్ల పాయింట్లు మీవే.

ఇంతకుముందు ప్రపంచ పోటీల్లో పెనాల్టీలే లెక్కించేవాళ్లు, తక్కువ ఉన్నోడు గెలిచేవాడు. కొత్తగా వచ్చినోడు ప్రతి సెక్షన్‌లో ఐదు ఐదు ఐదు వేసుకొని ఇంటికి పోయేవాడు. ఇప్పుడు రెండు గేట్లు దాటినా 20 పాయింట్లున్నాయి. వచ్చే నెల 30 చేద్దామని ఆశ ఉంటుంది. చూడటానికి చిన్న మార్పే. చిన్న ఆటకు ప్రాణం మాత్రం అదే.

ఉదాహరణకు ఇద్దరూ నాలుగు గేట్లు దాటారనుకోండి, ఇద్దరికీ 40. ఒకరికి కాలు రెండుసార్లు తగిలింది, ఇంకొకరికి నాలుగుసార్లు. మా దగ్గర రెండుసార్లు తగిలినవాళ్లు ముందు. ఇది పోటీకి ముందే కాగితం మీద రాసి, చెట్టుకు కట్టాలి. పోటీ అయ్యాక చెప్పే రూల్ రూల్ కాదు, లొల్లి.

సెక్షన్ గీసేటప్పుడు

ఇప్పుడు మేం పాటించే పద్ధతి ఇది. మొదటి రెండు గేట్లు మామూలు సైకిల్ మీద వచ్చిన కొత్త పిల్లలు దాటేలా ఉండాలి. మధ్య రెండు ప్రాక్టీస్ ఉన్నోళ్లకు. చివరి రెండు మాత్రమే మొనగాళ్లకు. ఇంకో మంచి పద్ధతి, ఒకే సెక్షన్‌లో మూడు రంగుల బాణాలు పెట్టడం. తెల్లది కొత్తవాళ్లకు, గుండు పక్క నుంచి పోతుంది. నీలం మోకాలెత్తు గుండు మీద నుంచి, ఎరుపు నడుమెత్తు దాని మీద నుంచి. అందరూ ఒకే చోట ఆడతారు. తెల్ల బాణం పిల్ల ఎర్ర బాణం అన్న ఏం చేస్తున్నాడో పక్కనుంచే చూస్తుంది. కోచింగ్ సెంటర్ ఫీజు లేకుండా సగం నేర్చుకునేది అట్లనే.

రెండో రూల్. "ఎట్లా ఎక్కుతారు?" అని కాదు, ముందు "పడితే ఎక్కడ పడతారు?" అని చూడాలి. దిగే చోట చిన్న రాళ్లు ఏరేయాలి. ముళ్లకంప, గాజుపెంకులు తీసేయాలి. ఛాతీకి మించిన ఎత్తు మేం ఎవరికీ పెట్టం, ఎంత మొనగాడైనా సరే. ఎత్తైన గుండు కింద ఇద్దరు మనుషులు నిలబడాలి, పడేవాళ్లను పట్టుకోవడానికి.

గుండ్లు లేని ఊరైతే బెంగ పడొద్దు. తాటి మొద్దులు, లారీ టైర్లు, చెక్క ప్యాలెట్లు చాలు. స్కూల్ గ్రౌండ్‌లో గంటలో సెక్షన్ తయారు.

సైకిల్ సంగతి. అసలు ట్రయల్స్ సైకిల్ ఖరీదైంది, మొదట్లో అవసరం లేదు. మీ సైకిల్ సీటు పూర్తిగా కిందికి దించండి. సీటు పీకేసి పైపు మాత్రం వదిలేయొద్దు, పడితే పొడుచుకుంటుంది. హ్యాండిల్ చివర్లకు బిరడాలు ఉండాలి. రెండు బ్రేకులూ పట్టాలి. హెల్మెట్ లేకపోతే ఆట లేదు. దీంట్లో మొహమాటం వద్దు. మేం నాలుగు హెల్మెట్లు కొని ఉంచాం, లేనివాళ్లకు ఇస్తాం.

నోట్‌బుక్ పట్టుకునే మనిషి

మీరు పోటీ పెడితే అందరికంటే ముందు వెతకాల్సింది ఛాంపియన్‌ను కాదు, కాలు లెక్కపెట్టే మనిషిని. సెక్షన్‌కు ఒకరు ఉండాలి. చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్, విజిల్, నోట్‌బుక్. కాలు తగిలితే గట్టిగా "ఒకటి", "రెండు" అని అరవాలి. తన తమ్ముడైనా అరవాలి.

మాకు ఆ మనిషి ఎట్లా దొరికాడంటే, చేయి విరిగిన తమ్ముడే. పిండికట్టు ఉంది, ఆడలేడు. ఊరికే చూడ్డానికి వచ్చాడు. నోట్‌బుక్ వాడి చేతికిచ్చా. ఎడమ చేత్తో వంకరటింకరగా రాశాడు. కానీ వాడి కన్ను తప్పించుకొని ఒక్క కాలు కూడా పోలేదు. నాకే ఒకే సెక్షన్‌లో నాలుగు వేశాడు. నేను "తగల్లేదురా" అన్నా. "తగిలింది అన్నా, మడమ తగిలింది" అన్నాడు. వీడియో చూస్తే తగిలింది. ఆ రోజు నుంచి మా దగ్గర ఎవరూ మార్కర్‌తో వాదించరు. తర్వాత వాళ్ల నాన్న అనుమతి పత్రం మీద సంతకం పెట్టి పంపాడు. కాగితం చదివి, రూల్స్ కాగితం కూడా అడిగి తీసుకున్నాడు.

పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరికీ ఆ పత్రం ఉండాలి. ఇది పేపర్ పని కాదు, ఇంట్లోవాళ్లతో ఒక మాట.

చోటు, అనుమతి, కాలం

ప్రతి గుట్టకూ ఒక యజమాని ఉంటాడు. రెవెన్యూ భూమి అయితే తహసీల్దార్ ఆఫీసులో, ఊరి గుట్టయితే గ్రామ పంచాయతీలో ఒక దరఖాస్తు ఇవ్వండి. ఫారెస్ట్ అయితే ఫారెస్ట్ ఆఫీసు అనుమతి లేకుండా లోపలికి పోవద్దు. గుడి, దర్గా ఉన్న గుట్టల మీద భక్తులు నడిచే దారిలో ఆడొద్దు. భువనగిరి, దేవరకొండ, కోయిల్‌కొండ లాంటి కోటల గోడలు, మెట్ల మీద చక్రం పెట్టొద్దు. పాత రాతి బొమ్మలు ఉన్న గుండ్ల జోలికి పోవద్దు.

బాణాలు పెయింట్‌తో వేయొద్దు. అట్ట మీద గీసి, చిన్న రాయి కింద పెట్టండి, లేదా సుద్దతో గీయండి. సాయంత్రానికి మనం వచ్చిపోయిన ఆనవాలు ఉండొద్దు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ గుండ్లు క్వారీలకు పోతున్నాయి. హైదరాబాద్‌లో 1996లోనే కొందరు రాళ్లను కాపాడుకోవాలని ఒక సొసైటీ పెట్టుకున్నారు. మేం ఆడే ఒక గుండ్ల గుంపు ఇప్పుడు లేదు, అక్కడ గుంత ఉంది. నెలకొకసారి పిల్లలు ఆడుకునే చోటైతే, కనీసం పోయేటప్పుడు అడిగేవాళ్లు ఉంటారు.

కాలం అంటే, మాకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. నల్లగొండ ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. పదకొండు దాటితే బండ మీద చేయి పెట్టలేం. వానాకాలం పాకుడు జారుతుంది. ఏ కాలమైనా ముందురోజు గుండ్లన్నీ తిరిగి చూడండి. తేనెతుట్టె ఉంటే ఆ గుండు వదిలేయండి. రాళ్ల సందుల్లో చేయి పెట్టేముందు కట్టెతో తట్టండి. తేళ్లు, పాములు వాటి ఇంట్లో అవి ఉంటాయి. దగ్గరి దవాఖానా ఎంత దూరం, 108 బండి ఏ దారిలో వస్తుంది అన్నది కూడా కాగితం మీద రాసి ఉంచండి.

డబ్బుల లెక్క

మా పోయిన పోటీకి అయిన ఖర్చు మొత్తం 5,200 రూపాయలు. టేపు, సుద్ద, అట్టలు 600. ఫస్ట్ ఎయిడ్, ఓఆర్‌ఎస్ 900. నీళ్ల క్యాన్లు, అరటిపండ్లు, ఉప్మా 2,100. మెడల్స్ 1,600. మైక్ సెట్ పెట్టలేదు, విజిల్ చాలు. ఎంట్రీ 50 రూపాయలు, స్కూల్ పిల్లలకు ఫ్రీ. మిగిలింది మేం ఐదుగురం వేసుకున్నాం.

క్యాష్ ప్రైజ్ పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. సంక్రాంతి కబడ్డీ టోర్నమెంట్లలో మీరూ చూసుంటారు, పదివేల ప్రైజ్ ఉన్న చోట బయటి టీములు దిగుతాయి, ఊరి పిల్లలు గట్టు మీద కూర్చుంటారు. కబడ్డీ పెద్ద ఆట, తట్టుకుంటుంది. ఇరవై మంది ఉన్న ఆట తట్టుకోదు.

మరి పెరిగేది ఎట్లా?

డానీ మకాస్కిల్ పేరు విన్నారా? అప్పట్లో స్కాట్లాండ్‌లో సైకిల్ షాపు మెకానిక్. 2009 ఏప్రిల్‌లో ఎడిన్‌బరో వీధుల్లో చేసిన వీడియో ప్రపంచమంతా చూసింది. ముళ్లచువ్వల కంచె మీద సైకిల్ నడిపాడు. వీడియో వల్ల ఆట పేరు కోట్ల మందికి తెలిసింది. కానీ చూసినవాళ్లంతా ఆడరు. మా రీల్ ఒకటి లక్ష దాటింది, దాని వల్ల వచ్చినవాళ్లు ఇద్దరు. ఒక గవర్నమెంట్ స్కూల్ పీఈటీ సార్‌ను కలిసి, వాళ్ల గ్రౌండ్‌లో తాటి మొద్దులు వేసి గంట ఆడించాం. దాని వల్ల తొమ్మిది మంది వచ్చారు, అందులో నలుగురు ఆడపిల్లలు. వీడియో తీయండి, వద్దనట్లేదు. వీడియో చివర్లో వచ్చే పోటీ తేదీ, చోటు చెప్పండి.

తేదీ మార్చొద్దు. మాది ప్రతి నెలా రెండో ఆదివారం. ఆరుగురు వచ్చినా పెడతాం. ప్రతి పోటీ స్కోర్ నోట్‌బుక్‌లో దాచిపెడతాం. పోయిన నెల 70, ఈ నెల 110 అని చూసుకున్న పిల్ల మూడో నెల తప్పకుండా వస్తుంది, వచ్చేటప్పుడు చెల్లెల్ని కూడా తీసుకొస్తుంది.

సంఘం, అసోసియేషన్, అధ్యక్షుడు, కార్యదర్శి, ఇవి మొదట్లోనే పెట్టుకోవద్దు. ముందు ఏడాది ఆడండి. ఆ తర్వాత ఏడుగురు కలిస్తే తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద క్లబ్ రిజిస్టర్ చేసుకోవచ్చు. అప్పుడు జిల్లా క్రీడల అధికారి దగ్గరకు పోతే మీ చేతిలో లెటర్‌హెడ్ ఒక్కటే కాదు, పన్నెండు నెలల స్కోర్ పుస్తకాలు ఉంటాయి.

ఇప్పుడు మా దగ్గర నెలకు ఇరవై మంది దాకా వస్తున్నారు. మహబూబ్‌నగర్ నుంచి ఐదుగురు పొద్దున్నే బస్సు టాప్ మీద సైకిళ్లు వేసుకొని వస్తారు. వాళ్లు కూడా అక్కడ మొదలుపెడతామంటున్నారు. ఎవరం ఛాంపియన్లం కాలేదు. కానీ ఇప్పుడు ఎవరైనా "మీ దాంట్ల ఏముంది?" అని అడిగితే చూపించడానికి గీత ఉంది, నోట్‌బుక్ ఉంది, "మడమ తగిలింది అన్నా" అనే తమ్ముడున్నాడు. వాడి చేయి బాగైంది. ఇప్పుడు ఆడుతున్నాడు కూడా, కానీ ఒక సెక్షన్‌కు మార్కర్‌గా ఉంటేనే ఆడతా అంటాడు.

ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. ఇద్దరు దోస్తులు, ఒక తాటి మొద్దు, ఒక సుద్దముక్క, ఒక నోట్‌బుక్. రెండు గేట్లు గీయండి, ఒకరు తొక్కండి, ఒకరు లెక్కపెట్టండి. హెల్మెట్ మర్చిపోవద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కదలకుండా సైకిల్ మీద నిలబడటం ఎట్లాగో నేర్చుకుందాం.